ధర్మం పద్దు

మా చిన్నమ్మ అడిగే ప్రశ్నలకు నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండదు. బి.ఏ. చదివాను, నాలుగు నవలలు రాశాను, పిలిస్తే సభల్లో కూడా మాట్లాడి వస్తుంటాను. అయినా సోమశిలలో వాళ్ళ ఇంటి తిన్నె మీద కూర్చుని, వక్క నోట్లో వేసుకుంటూ ఆవిడ ఏదైనా అడిగిందంటే, నా చదువంతా పెన్నలో కలిసినట్టే.

మొన్న వేసవిలో ఆవిణ్ణి చూసి రావడానికి సోమశిల వెళ్ళాను. ఆ ఊరు మీలో ఎంతమంది చూశారో తెలీదు. కొండల సందులోంచి పెన్నమ్మ బయటికొచ్చే చోట అడ్డంగా డ్యాం. నిండితే 78 టి.ఎం.సి.ల నీళ్ళు. ఆ నీళ్ళ కింద ఎగువన కడప జిల్లా ఊళ్ళు కొన్ని మునిగిపోయాయి. దిగువన నెల్లూరు మాగాణి పచ్చగా ఉంది. "ఒకరి కొంపలు, ఒకరి పంటలు" అంటుంది చిన్నమ్మ, అంతకుమించి వ్యాఖ్యానం చెయ్యదు.

రెండు రోజులున్నాక, కూతురి ఊరు పోదాం రమ్మంది. అది ఉదయగిరి దారిలో మెట్ట మీద ఉంటుంది. ఇంత పెద్ద జలాశయానికి అంత దగ్గర్లో ఉండి కూడా ఆ ఊళ్ళో మంచినీళ్ళు కొనుక్కుని తాగుతారు. బోర్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్ళ మీద గారలు, పెద్దవాళ్ళ మోకాళ్ళలో నొప్పులు. బస్సు దిగ్గానే ఎదురుగా నీలం రంగు వేసిన చిన్న గది, దాని నెత్తిన ఒక కంపెనీ పేరు. లీటరెంతో రాసిన అక్షరాలు కళ్ళజోడు పెట్టుకున్నా ఆనలేదు గానీ, కంపెనీ పేరు మాత్రం బస్సులోంచే చదివేశాను. తలుపుకు తాళం. తాళానికి తుప్పు.

కథ ఏమిటంటే, నాలుగేళ్ళ కిందట ఆ కంపెనీవాళ్ళు వచ్చి నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు పెట్టించారు. రిబ్బను కత్తిరించారు, బిందెలతో ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి ఫోటోలు తీశారు. ఏడాదిన్నర బాగా నడిచింది. తర్వాత లోపల ఫిల్టరు చెడింది. అడిగితే, ఆ పథకం గడువు అయిపోయింది, ఈ ఏడు డబ్బు వేరే జిల్లాకి కేటాయించాం అన్నారట. ఇప్పుడు మళ్ళీ పొద్దున్నే ఆటోలో క్యాన్లు వస్తున్నాయి.

చిన్నమ్మ ఆ తాళం వంక చూసి, నా వంక చూసి అడిగింది. "ఏమ్మే, వోళ్ళు మనకి నీళ్ళెందుకు పోశారు? పోసినోళ్ళు ఎందుకు ఆపారు?"

మొదటి ప్రశ్నకు జవాబు సులువే. చట్టం ఉంది కాబట్టి. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను అని ఒకటి ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 500 కోట్ల నికర ఆస్తి గానీ, 1,000 కోట్ల వ్యాపారం గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో నూటికి 2 రూపాయలు సమాజం కోసం ఖర్చు పెట్టాలి. తమ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్ళను ముందు చూడాలి. సొంత ఉద్యోగులకు చేసిన మేలు లెక్కలోకి రాదు. రాజకీయ పార్టీలకిచ్చిన చందా లెక్కలోకి రాదు. ఇలా దానాన్ని చట్టంలో రాసిన దేశాలు లోకంలో ఎన్నో లేవు, మనది ముందు వరసలో ఉంది. ఇదంతా నేను చిన్నమ్మకు వివరంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అంటే దానం కాదు, సిస్తు" అంది.

ఆ మాట దగ్గర నాకు మా తాత గుర్తొచ్చాడు.

ఆత్మకూరులో మా తాతకు అంగడి ఉండేది. ఆయన చిట్టా పుస్తకంలో ప్రతి రోజూ చివర 'ధర్మం పద్దు' అని ఒక గీత. బస్తాకింత అని కొన్నవాళ్ళ దగ్గరే వసూలు చేసి ఆ పద్దులో జమ కట్టేవాడు. ఏడాది చివర ఆ సొమ్ముతో చలివేంద్రం పెట్టించేవాడు, గుడికి నూనె ఇచ్చేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని ధర్మాత్ముడు అనేవాళ్ళు. మా జేజి ఒక్కతే నవ్వేది. "బస్తా మోసినోడిదీ, కొన్నోడిదీ డబ్బు. పేరు మాత్రం మీ తాతది" అని. అయినా ఒక్క మాట చెప్పాలి. ఆయన చలివేంద్రంలో కుండ పగిలితే ఆ సాయంత్రానికల్లా కొత్త కుండ వచ్చేది. ఆ ఊళ్ళోనే బతకాలి కదా, రేపు పొద్దున ఆ దారినే నడవాలి కదా. కంపెనీకి ఆ ఇబ్బంది లేదు. దానికి ముఖం లేదు, పైన బోర్డు మాత్రం ఉంది.

ఈ సంగతి మీద నాకూ మా అన్నయ్య కొడుక్కీ ఫోనులో పెద్ద వాదన జరిగింది. వాడు మద్రాసులో ఒక కంపెనీలో సరిగ్గా ఈ పనే చూస్తాడు. (చెన్నై అనాలిట. నాకు నోరు తిరగదు.) "అత్తా, నువ్వు ఎమోషనల్‌గా ఆలోచిస్తున్నావు" అని మొదలుపెట్టాడు. వాడి మాట ఇది: కంపెనీ ఉద్యోగాలిస్తోంది, పన్నులు కడుతోంది, జనానికి కావాల్సిన వస్తువు చేసి అమ్ముతోంది. అంతకంటే సమాజానికి ఏం బాకీ? బళ్ళూ నీళ్ళూ ప్రభుత్వం చూసుకోవాలి, దానికే పన్నులు. అమెరికాలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లోనే న్యూయార్క్ టైమ్స్ వాళ్ళ పత్రికలో ఈ సంగతి తేల్చి రాశాడట. వ్యాపారానికున్న సామాజిక బాధ్యత ఒక్కటే, లాభం పెంచటం. ఆరేళ్ళకి ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత పప్పు తాలింపు వేస్తూ ఆలోచిస్తే, ఆయన అడిగిన ప్రశ్న మనం రోజూ అడిగేదే అనిపించింది. మన వీధిలో ఒకావిడ చీటీలు వేస్తుంది అనుకోండి. ఇరవైమందిమి నెలనెలా కడతాం. ఒక నెల ఆవిడ చీటీ డబ్బులోంచి కొంత తీసి అమ్మవారి గుడికి వెండి గంట చేయించింది. గంట మీద ఆవిడ పేరు. మనం ఊరుకుంటామా? "గుడికి ఇవ్వాలంటే మేమే ఇచ్చుకుంటాం, మా డబ్బుతో నువ్వు పుణ్యం కట్టుకోవటమేమిటి?" అని అడగమూ? ఫ్రీడ్‌మన్ అడిగిందీ అదే. కంపెనీ నడిపే పెద్దమనిషి చేసే దానం అతని జేబులోది కాదు, వాటాదారులది. వాళ్ళలో పింఛను డబ్బు దాచుకున్న మేష్టర్లు ఉంటారు, కూతురి పెళ్ళికి కూడబెట్టుకున్న తల్లులు ఉంటారు.

ఈ వాదన గట్టిదే. అయితే ఆయన మాటకు ఒక తోక ఉంది, మా వాడు దాన్ని చెప్పకుండా దాటేశాడు. ఆటకు నియమాలున్నాయి, వాటికి లోబడి, మోసం దగా లేకుండా లాభం తియ్యాలి అన్నాడాయన. లాభం అన్న మాటను అందరూ పట్టుకున్నారు. తోకను వదిలేశారు.

ఇక్కడ మన తెలుగుదేశం కథ ఒకటి చెప్పక తప్పదు. మీ అందరికీ తెలిసిందే.

1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అనే కంపెనీ పుట్టింది. దాన్ని పెంచిన రామలింగరాజు గారి పేరు మన ఇళ్ళల్లో పిల్లలకు ఆదర్శంగా చెప్పుకున్న రోజులున్నాయి. ఆ కుటుంబం తండ్రి పేరు మీద 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టి, గోదావరి జిల్లాల పల్లెల్లో బళ్ళు బాగుచేయించింది, వైద్యం చేయించింది, మంచినీళ్ళ ప్లాంట్లు కూడా పెట్టించింది. 2005 ఆగస్టు 15న ప్రభుత్వంతో కలిసి 108 అంబులెన్సులు మొదలుపెట్టింది. అంతకుముందు పల్లెటూళ్ళో మనిషి పడిపోతే ఏం చేసేవాళ్ళమో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నులకమంచం, నలుగురు మనుషులు, రోడ్డు దాకా పరుగు, బస్సు వస్తే అదృష్టం. ఆ నంబరు వచ్చాక మారుమూల ఊళ్ళకు కూడా సైరను మోత తెలిసింది.

2008 వానాకాలంలో మా చిన్నమ్మను పాము కరిచింది. చీకట్లో గొడ్లకు మేత వెయ్యబోయింది. పక్కింటి పిల్లాడు 108కి ఫోను చేశాడు. బండి వచ్చింది, అందులోనే సెలైను ఎక్కించారు, ఆత్మకూరు తీసుకుపోయారు, అక్కణ్ణుంచి నెల్లూరు. నాలుగో రోజు ఆవిడ మంచం మీద కూర్చుని ఇడ్లీలో కారం తక్కువైందని నర్సమ్మను కోప్పడింది. అప్పుడే మాకు నమ్మకం కుదిరింది, బతికిందని.

ఆ ఏడు డిసెంబరులోనే సత్యం కంపెనీ, రాజుగారి కుటుంబానికే చెందిన మేటాస్ అనే రెండు కంపెనీలను కొంటానని ప్రకటించింది. ఇంగ్లీషులో సత్యం అన్న పేరును వెనక నుంచి ముందుకు చదివితే మేటాస్ అవుతుంది. సత్యాన్ని తిరగేసి పేరు పెట్టుకున్నారన్నమాట. నవలలో నేను ఇలా రాస్తే మా సంపాదకులు, మరీ కృతకంగా ఉందమ్మా అని కొట్టేస్తారు. వాటాదారులు గగ్గోలు పెడితే ఆ కొనుగోలు గంటల్లో రద్దయింది. 2009 జనవరి 7న రాజుగారు ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపించిన డబ్బులో 5,000 కోట్లకు పైగా అసలు లేనే లేదని. ఆ ఒక్క రోజులో షేరు విలువ ముప్పాతిక వంతుకు పైగా పోయింది. అంతకు కొద్ది నెలల ముందే, కంపెనీని ఉత్తమంగా నిర్వహిస్తున్నందుకు దానికి బంగారు నెమలి పేరుతో ఒక బహుమతి ఇచ్చారు. తర్వాత ఆ నెమలిని వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ళ శిక్ష వేసింది. అప్పీలు మీద ఆ శిక్ష అమలు ఆగింది.

అప్పట్లో టీవీలో ఆ వార్త చూసి చిన్నమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. "ఆ అబ్బయ్యకు నేను దణ్ణం పెట్టుకోవచ్చా, పెట్టుకోకూడదా? నాకు బండి పంపినోడే కదంటమ్మే. మరి డబ్బు పోగొట్టుకున్న ఆడది ఎవుతో ఒకతి ఉంటుందే, ఆమె ఉసురు నాకు తగులుతుందా?"

అప్పుడు నేను ఏదో సర్దిచెప్పాను. ఏ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరు తేలుస్తారు, నువ్వు బతికావు, అది చాలు అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళ తర్వాత నాకు తోస్తున్నది ఇది. 108 మంచిపని. అది అలాగే ఉంది. నడిపే సంస్థలు మారాయి, ఖర్చు ప్రభుత్వమే భరిస్తోంది, నంబరు మాత్రం అదే. లెక్కల మోసం చెడ్డపని. అదీ అలాగే ఉంది. వీటిని ఒకే త్రాసులో రెండు తక్కెట్ల మీద పెట్టి, దీనికి అది చెల్లు అనటానికి వీల్లేదు. మంచిపని చేశాడు కాబట్టి లెక్కలు చూడనక్కర్లేదు అనుకున్నామే, అదే మన తప్పు. దానం చేసే చెయ్యిని మనం తనిఖీ చెయ్యం. మొహమాటం. గంట చేయించిన చీటీలావిడని పుస్తకం చూపించమని అడగటానికి మనకు నోరు రాదు.

ఇక నోరు వచ్చినవాళ్ళ సంగతి.

నేను ఆరో క్లాసు చదువుతున్నప్పుడు, 1992లో, మా నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం లేచింది. కలిగిరి మండలంలో దూబగుంట, మా ఊరికి అంత దూరమేం కాదు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, చీపుర్లూ రోకళ్ళూ పట్టుకుని సారా దుకాణం మూయించారు. రోశమ్మ గారి పేరు అప్పుడే దేశమంతా తెలిసింది. ఆ గాలి మా ఊరికీ వచ్చింది. అప్పట్లో సారాను ప్యాకెట్లలో పోసి వీధి వీధికీ తెచ్చేవాళ్ళు. వారుణివాహిని అని దానికో సంస్కృతం పేరు, 1983 నుంచి. కూలి డబ్బు ఇంటికి వచ్చేలోపే ప్యాకెట్టు ఎదురొచ్చేది.

మా ఊళ్ళో సారా కాంట్రాక్టరు చెడ్డవాడేం కాదు. ఇది నేను ఎగతాళికి అనటం లేదు. తిరునాళ్ళకు మైకు సెట్టూ లైట్లూ ఆయనవే. బడికి రెండు ఫ్యాన్లు ఇచ్చాడు. వాటి రెక్కల మీద ఎర్ర పెయింటుతో ఆయన పేరు, తిరిగినంతసేపూ కనపడదు, కరెంటు పోతే కనపడుతుంది. మా ఊరి ఆడవాళ్ళు వెళ్ళి దుకాణం ముందు కూర్చున్నప్పుడు ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అమ్మా, నేను దొంగ వ్యాపారం చెయ్యటం లేదు. గవర్నమెంటు వేలంలో పాడుకున్నా. డబ్బు కట్టా. తాగమని నేనెవరినీ బలవంతం చెయ్యలా. మీ గుడికి, బడికి ఇస్తానే ఉన్నా. ఇంకేం చెయ్యాల?" అన్నాడు.

చట్టం ప్రకారం ఆయన మాటలో ఒక్క తప్పు లేదు. అప్పుడు మా పక్కింటి ముత్తవ్వ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నువ్వు ఇచ్చేది మాకొద్దు నాయనా. నువ్వు అమ్మేది ఆపు."

కంపెనీల బాధ్యత గురించి ఎన్నో పెద్ద పెద్ద వ్యాసాలు తర్వాత చదివాను. ముత్తవ్వను దాటి పోయినవి తక్కువ. ఆ ఆడవాళ్ళు ఆయన దాతృత్వం అడగలేదు. ఆయన లాభం ఎక్కణ్ణుంచి వస్తోందో అది అడిగారు. పైగా వాళ్ళు అడిగింది ఆయన ఒక్కణ్ణే కాదు. వేలం పాట పెట్టిన ప్రభుత్వాన్ని కూడా. సారా మీద వచ్చే రాబడితోనే పథకాలు నడుస్తున్నాయి, ఆపితే ఎలా అని ప్రభుత్వం కూడా సరిగ్గా కాంట్రాక్టరు లాగానే మాట్లాడింది. ఎడం చేత్తో తీసుకుని కుడి చేత్తో ఇవ్వటం ఒక్క కంపెనీలకే అంటిన జబ్బు కాదు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలిపోయింది. ఆ తర్వాత సంగతి మనం చూస్తూనే ఉన్నాం, చెప్పుకుంటే కడుపు చించుకున్నట్టే.

గాంధీగారు ధనవంతుణ్ణి ధర్మకర్తగా ఉండమన్నారు. మంచి మాట. మనకు ధర్మకర్త అంటే తెలుసు, గుడి మాన్యానికి కాపలా ఉండేవాడు. దేవుడి భూమి దేవుడిదే, తను చూసుకునేవాడు మాత్రమే. కాకపోతే ధర్మకర్తలు మాన్యాలను ఏం చేశారో కూడా మనకు బాగా తెలుసు కాబట్టి, గాంధీగారి మీద గౌరవంతోనే ఈ పేరాను ఇక్కడితో ఆపుతున్నాను.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరుగెత్తి, పరుగెత్తిన చోటే పడిపోయారు. పన్నెండు మంది పోయారు. ఆ ద్రవాన్ని చల్లగా ఉంచాలి, వేడెక్కకుండా చూస్తుండాలి. లాక్‌డౌన్ రోజుల్లో అది సరిగ్గా జరగలేదు. ఆ ఫ్యాక్టరీ ఆ ఊళ్ళో ఎన్ని బళ్ళకు బల్లలు ఇచ్చిందో, ఎన్ని మొక్కలు నాటిందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. వెంకటాపురం తల్లులకు ఆ కంపెనీ బాకీపడ్డది ఒక్కటే, ఆ ట్యాంకును చల్లగా ఉంచటం. అది దానం పద్దులో రాదు. రెండు శాతంలో రాదు. మామూలుగా పని సరిగ్గా చెయ్యటంలో వస్తుంది.

ఇదే మా వాడితో అన్నాను. "నూటికి రెండు రూపాయలు ఎలా ఖర్చు పెట్టావో నీ దగ్గర ఫోటోలున్నాయి. మిగతా తొంభై ఎనిమిది ఎలా వచ్చాయో దానికి ఫోటోలున్నాయా?" అని. వాడు కాసేపు మాట్లాడలేదు. వాడు మంచివాడు, అదే చిక్కు. "అత్తా, నా రిపోర్టులో ప్లాంటు పెట్టారా లేదా అని ఒక గడి ఉంటుంది. ఎంతమందికి లబ్ధి అని ఇంకో గడి. ఇవాళ నీళ్ళు వస్తున్నాయా అనే గడి లేదు" అన్నాడు. నాకు కోపం రాలేదు. దిగులు వేసింది. ఆ రెండు రూపాయలు వద్దనటానికి కూడా నాకు నోరు రావటం లేదు మరి. ఏడాదిన్నర పాటు ఆ ఊరి పిల్లలు మంచినీళ్ళు తాగారు. ఏడాదిన్నర తక్కువేం కాదు, ఎదిగే పళ్ళకి. ఫ్రీడ్‌మన్ లెక్కన ఆ నీళ్ళు రాకూడదు. చట్టం లెక్కన వచ్చాయి. నేను ఫ్రీడ్‌మన్ పక్షాన నిలబడలేను. అలాగని నీలం గది ముందు చేతులు జోడించలేను.

ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోమని మా వాడికి పని పురమాయించాను. ఆ కంపెనీలో వాడికి స్నేహితుడున్నాడు. పది రోజుల తర్వాత ఫోను చేశాడు. ఫైల్లో ప్లాంటు పంచాయతీకి అప్పగించినట్టు కాగితం ఉందట. పంచాయతీలో అడిగితే కంపెనీ వాళ్ళ దగ్గరే ఉందన్నారట. ఫైల్లో ఫోటోలు పదహారున్నాయి, బిల్లులున్నాయి, తాళం చెవి ఊసు లేదు.

ఇదంతా చిన్నమ్మకు ఫోనులో చెప్పాను. విని, "సరేలే, తాళం పగలగొట్టిస్తా" అంది.

"ఫిల్టరు ఎవరు వేయిస్తారు చిన్నమ్మా?"

"పంచాయతీ వాళ్ళని అడుగుతా. వేయిస్తే సరి. లేదంటే గది బాగుందమ్మే, చెమ్మ లేదు. మీ చెల్లెలు మిరపకాయలు పోసుకుంటుంది."

"దాని మీద కంపెనీ పేరుందిగా."

"ఉండనీ" అంది చిన్నమ్మ. "మిరపకాయలకి చదువొచ్చా ఏంది?"